గేటు దగ్గర థర్మల్ గన్, గదిలో మూసిన కిటికీ: విద్యానగర్‌లో ఒక ‘కోవిడ్ సేఫ్’ హాస్టల్

2021 సెప్టెంబరు 1న తెలంగాణలో కళాశాలలు ప్రత్యక్ష తరగతుల కోసం మళ్లీ తలుపులు తెరిచినప్పుడు, విశ్వవిద్యాలయ వసతిగృహానికి సకాలంలో దరఖాస్తు చేసుకోని నాలాంటి బద్ధకస్తులకు హైదరాబాదులోని విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్ వీధుల్లోని ప్రైవేటు హాస్టళ్లే దిక్కయ్యాయి. నేను రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఆగస్టు చివరి వారంలో మా నాన్నా నేనూ ఆ వీధుల్లో ఏడు హాస్టళ్లు చూశాం. చివరికి, గేటు మీద ‘కోవిడ్ సేఫ్ హాస్టల్’ అని ఫ్లెక్సీ కట్టి, దాని కింద శానిటైజరు సీసా, ఒంటి వేడి కొలిచే థర్మల్ గన్, మాస్కు, రక్తంలో ఆక్సిజన్ శాతం కొలిచే ఆక్సీమీటరు బొమ్మలను వరుసగా అచ్చు వేయించిన మూడంతస్తుల భవనాన్ని ఎంచుకున్నాం. నిజానికి ఎంచుకున్నది నాన్నే. ఆయనకు ఆ ఫ్లెక్సీ నచ్చింది. అక్కడ ఐదు నెలలు ఉన్నాక, ఆ ఫ్లెక్సీలోని బొమ్మల్లో ఏది పనికొచ్చిందో, ఏది గోడకే పరిమితమైందో రాయాలనిపించింది. హాస్టల్ పేరు రాయడం లేదు. ఆ వరుసలో ఉన్న చాలా హాస్టళ్లలో పరిస్థితి ఇంచుమించు ఇదే కాబట్టి ఒక్కరినే బజారుకీడ్చడం న్యాయం కాదు.

ఒక ఫ్లెక్సీకి అంత విలువ ఎందుకు వచ్చిందో తెలియాలంటే అంతకు ముందరి ఏడాదిన్నరను గుర్తు చేసుకోవాలి. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25న, హాస్టళ్లు ఖాళీ చేయమన్నారని వేలమంది విద్యార్థులు, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు సంచులు భుజాన వేసుకుని నగరంలోని పోలీసుస్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. ఆ పత్రాలు పట్టుకుని ఆంధ్రప్రదేశ్ వైపు బయలుదేరినవాళ్లను గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి నిలిపేశారు. ఆ రోజు నేను అమీర్‌పేటలో ఉన్నాను. ఊరివాడొకడు బైకు మీద వెళుతుంటే వెనక కూర్చుని ఇల్లు చేరాను గానీ, ‘ఈ మధ్యాహ్నం నుంచి వంట ఉండదు’ అని అప్పటి హాస్టల్ తలుపు మీద అంటించిన కాగితాన్ని మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ తరువాత 2021 ఫిబ్రవరి 1న కళాశాలలు తెరిచారు. రెండో విడత ఉద్ధృతి మొదలవగానే మార్చి 24 నుంచి మూసేశారు. కాబట్టి సెప్టెంబరులో మళ్లీ పెట్టె సర్దుకుంటున్నవాడి మనసులో చదువుకన్నా ముందు ఒకే ప్రశ్న ఉంటుంది: ఇక్కడ జ్వరం వస్తే నన్ను ఉంచుతారా, పంపేస్తారా? ఆ ప్రశ్నను హాస్టల్ యజమానిని అడగాలని నాకు గాని, నాన్నకు గాని ఆ రోజు తోచలేదు. ఫ్లెక్సీ చూసి, జవాబు అందులోనే ఉందనుకున్నాం.

ముగ్గురు ఉండే గదిలో, అంటే త్రీ షేరింగ్‌లో, ఒక్కొక్కరికి నెలకు 5,800 రూపాయలు, అడ్వాన్సు 3,000 రూపాయలు. దీనికి తోడు ‘కోవిడ్ మెయింటెనెన్స్’ పేరుతో నెలకు 500 రూపాయలు. ఇరవై గదులు, అరవై మంది అబ్బాయిలు. అంటే ఈ ఒక్క పద్దు కింద నెలకు 30,000 రూపాయలు వసూలయ్యేది. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ఆ 500 రూపాయలకు బదులుగా గేటు దగ్గర ఉష్ణోగ్రత పరీక్ష, అంతస్తుకొక శానిటైజరు, అంతస్తుకొక ఆవిరి యంత్రం, వారానికొకసారి క్రిమిసంహారక ద్రావణం చల్లడం, సాయంత్రం కషాయం, అవసరమైనవారికి ఆక్సీమీటరు ఇస్తామని రశీదు వెనక అచ్చు వేసి ఉంది.

మొదట గేటు సంగతి. అక్కడొక ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో వాచ్‌మన్ తాత, ఆయన మెడలో తాడు కట్టి వేలాడేసిన థర్మల్ గన్ ఉండేవి. లోపలికి వచ్చే ప్రతివాడి మణికట్టుకూ ఆయన దాన్ని గురిపెట్టి, కనిపించిన అంకెను లావుపాటి పుస్తకంలో ఎంతో శ్రద్ధగా రాసుకునేవాడు. మూడో రోజు సాయంత్రం ఆ పుస్తకం తిరగేసి చూశాను: 92.8, 91.6, 93.4, 92.1. మనిషి ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు కాస్త అటూ ఇటూ ఉండాలన్నది బడిపిల్లలకు కూడా తెలుసు; ఆ పుస్తకం ప్రకారం మాత్రం మా హాస్టల్లో ఉన్న అరవై మందీ ఫ్రిజ్‌లోంచి లేచి వచ్చినవాళ్లే. పరికరాన్ని అడిగి తీసుకుని చూస్తే, అది ఒంటి వేడిని కొలిచే పద్ధతిలో కాకుండా వస్తువుల ఉపరితలాన్ని కొలిచే పద్ధతిలో ఉంది. బొత్తం నొక్కి మార్చి, మణికట్టుకు కాక నుదుటికి రెండు వేళ్ల దూరం నుంచి పెట్టమని చెప్పాను. ‘నాకెవరు జెప్పిన్రు బిడ్డా, చేతికిచ్చి కూసోమన్నరు’ అన్నాడాయన. అందులో ఆయన తప్పేమీ లేదు. మార్చిన మరునాటి నుంచి పుస్తకంలో అంకెలు 97, 98 దగ్గరికి చేరాయి.

అయితే గన్ సరిగ్గా పనిచేసినంత మాత్రాన అది కాపలా కాసినట్టు కాదు. కరోనా సోకినవాడు లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలడు, కొందరికైతే జ్వరమే రాదు. జ్వరం వచ్చినవాడికి కూడా దారి ఉంది. డోలో 650 ఒకటి వేసుకుని గంట ఆగితే ఏ గన్ ముందైనా దర్జాగా నిలబడవచ్చు. ఈ రెండో మాటను నేను ఊహించి రాయడం లేదు. మా అంతస్తులో జరిగింది, అది కాసేపట్లో చెబుతాను.

గేటు దాటగానే పీవీసీ గొట్టాలతో కట్టిన చట్రం ఒకటి ఉండేది. 2020లో మనుషులను నడిపించి పైనుంచి మందు చల్లిన ‘డిసిన్ఫెక్షన్ టన్నెల్’ తాలూకు అవశేషం అది. మనుషుల మీద క్రిమిసంహారకాలు చల్లడం హానికరమని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. అదే ఏడాది నవంబరులో ఇలాంటి టన్నెళ్ల నిషేధానికి చర్యలు తీసుకోవాలని సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. మా హాస్టల్‌వాళ్లు దాన్ని వాడటం మానేశారు గానీ విప్పలేదు. ఐదు నెలల్లో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి అది బ్రహ్మాండంగా పనికొచ్చింది. శానిటైజరు విషయం రెండు ముక్కల్లో చెప్పవచ్చు: మొదటి నెల అది చేతిలో పోసుకుంటే నిమిషంలోపే ఆరిపోయేది, రెండో నెల నుంచి తుడుచుకుంటే తప్ప తడి పోయేది కాదు. కనీసం 60 శాతం ఆల్కహాలు ఉండవలసిన ద్రావణంలో నీళ్లు కలిపారని చెప్పడానికి ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం అవసరం లేదు. కౌంటరు మీద యాభై రూపాయలకు అమ్మిన ‘ఎన్95’ మాస్కు మీద ఐఎస్‌ఐ గుర్తు గాని, ఐఎస్ 9473 అన్న ప్రమాణం సంఖ్య గాని లేదు. వాటిని నేను కొనలేదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆవిరి యంత్రం. రెండో విడత ఉద్ధృతి రోజుల్లో ఇంటింటా ఆవిరి పట్టారు కాబట్టి ఇది తల్లిదండ్రులకు బాగా నచ్చే ఏర్పాటు. కానీ రాత్రి భోజనాల తరువాత, కిటికీ లేని వరండా చివర, ఒకే యంత్రం చుట్టూ ఆరేడుగురు మాస్కులు తీసి, వంతు కోసం ఒకరి భుజం మీద ఒకరు వాలి, ఒకడు వదిలిన ఆవిరిని ఇంకొకడు పీలుస్తూ నిలబడటం చూస్తే, కరోనా వ్యాప్తి గురించి ప్రయోగం చేయాలనుకున్నవాడు కూడా ఇంతకన్నా మంచి ఏర్పాటు చేయలేడనిపించేది. తార్నాక దాటగానే ఉప్పల్ రోడ్డులో ఉన్న కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల పరిశోధన సంస్థ ఇమ్‌టెక్ శాస్త్రవేత్తలతో కలిసి హైదరాబాదు, మొహాలీ ఆసుపత్రుల్లో గాలి నమూనాలు సేకరించి, కోవిడ్ రోగులున్న గదుల గాలిలో వైరస్ జాడను పట్టుకున్నారు; గదిలో రోగులు పెరిగిన కొద్దీ ఆ జాడ దొరికే అవకాశం కూడా పెరుగుతుందని చూపారు. సీసీఎంబీకి పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేని దూరంలో మేము నేల మీద ద్రావణం చల్లుకుంటూ, గాలిని మాత్రం పంచుకుంటూ కాలం గడిపాం. కషాయం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క, తులసి, కాస్త బెల్లం. కరోనాను అది ఆపదు గానీ, సెప్టెంబరు వానల్లో ల్యాబు నుంచి తడిసి వచ్చినవాడికి ఆ స్టీలు గ్లాసు వేడి చేతికి తగిలితే ప్రాణం లేచి వచ్చేది.

ఇక గది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, మూడు ఇనుప మంచాలు. రెండు మంచాల మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప నడవలేనంత సందు. విశ్వవిద్యాలయాలు తిరిగి తెరవడం గురించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వసతిగృహాల్లో గదులు పంచుకోవడానికి అనుమతించరాదని ఉంది. ఆ లెక్కన 5,800 రూపాయలకు గదికొకడిని ఉంచడం ఏ ప్రైవేటు యజమానికీ గిట్టుబాటు కాదు, మూడింతలు కట్టడం మా నాన్న వల్ల కాదు. ఈ విషయంలో నేను యజమానిని తప్పుపట్టను. తప్పుపట్టేది కిటికీ విషయంలో. మా గది కిటికీ పక్క భవనం గోడకు ఎదురుగా ఉంది. చేయి చాపితే గోడ తగులుతుంది. అంతకు మించి, ఎప్పుడో రంగు వేసినప్పుడు రెక్కలు చట్రానికి అతుక్కుపోయి, ఆ తరువాత ఎవరూ తెరవలేదు. మొదటి ఆదివారం ముగ్గురం కలిసి స్క్రూడ్రైవరుతో, పాత బ్లేడుతో గంటసేపు గీకి ఆ రంగు పెచ్చులు ఊడదీస్తే గాని కిటికీ తెరుచుకోలేదు.

తెరిచాక గాలి వస్తోందో లేదో తెలుసుకోవడానికి మాకు పరికరాలేవీ లేవు. మా అమ్మ పెట్టెలో సర్ది పంపిన అగరుబత్తీల్లో ఒకటి వెలిగించి, ఫ్యాను ఆపి, మంచం కోడుకు గుచ్చాం. తలుపు మూసి ఉంచినప్పుడు పొగ నిటారుగా పైకి లేచి, కప్పు కింద చదునుగా పరుచుకుని అక్కడే నిలబడిపోయింది. పది నిమిషాలకు గదంతా గుడిలా వాసన వేసింది. తలుపు తెరిచి, వరండా చివరి స్నానాల గదుల దగ్గర ఉన్న ఎగ్జాస్టు ఫ్యాను వేయగానే అదే పొగ దారంలా వంగి, తలుపు వైపు పాకి, బయటికి పోయింది. ఆ రోజు నుంచి రాత్రింబవళ్లు ఆ ఫ్యానును ఆపవద్దని వార్డెన్ సార్‌ను అడిగాం. ఆయన పైకి వచ్చి, తానే ఇంకో అగరుబత్తి వెలిగించి పొగను చూసి, స్విచ్ మీద ప్లాస్టరు అంటించి ‘ఆపవద్దు’ అని రాశారు. కరెంటు బిల్లు గురించి యజమాని తరువాత ఏమన్నారో ఆయన మాకు చెప్పలేదు.

భోజనశాలకు మాత్రం ఈ సమీక్షలో అగ్రతాంబూలం ఇవ్వాలి. అక్కడ ఫ్లెక్సీ లేదు, బొమ్మలు లేవు. వంట చేసే అక్కకు మాత్రం బుర్ర ఉంది. అరవై మందినీ ఒక్కసారి కూర్చోబెట్టకుండా, పెళ్లి భోజనాల్లో మాదిరి అంతస్తుకొక బంతి చొప్పున మూడు బంతులు పెట్టింది. బంతికీ బంతికీ మధ్య పావుగంట విరామం, ఆ పావుగంటా రెండు తలుపులూ బార్లా తెరిచి ఉండేవి. ఎవరి కంచం, ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలని మొదటి రోజే చెప్పింది. కంచాలు తారుమారు కాకుండా వాటి మీద పేర్లు కొట్టించుకు రమ్మంది. మా నాన్న నా కంచం అంచున నా పేరుతో పాటు తారీఖు కూడా కొట్టించి, ఏదో పెళ్లి కానుకలా తయారు చేయించి తెచ్చారు. కూరలు మేము వడ్డించుకునే వీలు లేదు, గరిటె ఆమె చేతిలోనే ఉండేది. ఆలస్యంగా వచ్చినవాడు తన బంతి తప్పిపోతే చివరి బంతి అయ్యేదాకా ఆగవలసిందే, ఎంత బతిమాలినా కరిగేది కాదు. ఇడ్లీ మెత్తగా ఉండేది, సాంబారు పలుచగా ఉండేది, ఆదివారం కోడికూరలో ముక్కల కోసం గజ ఈతగాడిలా గాలించాల్సి వచ్చేది; అవన్నీ హాస్టల్ చదువుల్లో సహజం.

ఇప్పుడు అసలు విషయం. చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఎనిమిదో నిబంధన ఇలా ఉంది: ‘జ్వరము, దగ్గు లక్షణములు కనిపించిన విద్యార్థి తక్షణమే గది ఖాళీ చేయవలెను, అట్టివారికి అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.’ అందరిలాగే నేనూ చదవకుండానే సంతకం పెట్టాను. సెప్టెంబరు మూడో వారంలో మా గదిలో ఉండే ఖమ్మం కుర్రాడికి సాయంత్రం వణుకుతో జ్వరం వచ్చింది, కళ్ల వెనక పోటు అన్నాడు. ఆ రాత్రి ముగ్గురం కలిసి ఆ ఎనిమిదో నిబంధనను మొదటిసారి పూర్తిగా చదివాం. చదివి, ఎవరికీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాం. మర్నాడు అతను డోలో వేసుకుని, గంట ఆగి, గేటు దగ్గర తాత గన్ ముందు నిలబడి, 98.2 అని రాయించుకుని తరగతికి వెళ్లి వచ్చాడు. మూడు రోజులు అలాగే నడిచింది. ఆ మూడు రోజులూ అదే గదిలో, అదే గాలిలో పడుకున్న మేమిద్దరం దీనిలో సమాన భాగస్వాములం. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయక తప్పదు. నెలకు 30,000 రూపాయలతో కట్టిన కోటకు ఆ ఒక్క నిబంధన లోపలి నుంచి గండి కొట్టింది.

నాలుగో రోజు అతను మెట్లు ఎక్కలేకపోతే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆటో ఎక్కేంత దూరం కూడా కాదు గానీ ఆటోలోనే వెళ్లాం. కరోనా కోసం చేసిన ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ వచ్చింది; డెంగీ కోసం చేసిన ఎన్ఎస్1 పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఆ ఆసుపత్రి అసలు పేరు సర్ రొనాల్డ్ రాస్ మీద ఉంది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో 1897లో సికింద్రాబాదులో ఉండగా కనిపెట్టిన వైద్యుడాయన. దోమ గుట్టు విప్పినవాడి పేరున్న ఆసుపత్రికి కరోనా భయంతో వెళ్లి, దోమకాటు జబ్బుతో బయటపడ్డాం. నాలుగు రోజులు అక్కడే ఉంచారు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వేయవద్దని, నీళ్లు బాగా తాగించమని చెప్పారు. అతను కోలుకున్నాడు.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం, చేతులు కడుక్కోవడానికి గేటు పక్కన పెట్టిన నీలం డ్రమ్ము మూత ఎక్కడికి పోయిందని మొదటిసారి అనుమానం వచ్చి లోపలికి తొంగి చూశాను. ఫోను లైటు వేస్తే, నీళ్లలో పైకీ కిందికీ మెలికలు తిరుగుతూ దోమ లార్వాలు కనిపించాయి, ఒకటీ అరా కాదు. డెంగీని మోసే ఈడిస్ దోమ మురుగులో కాదు, ఇలాంటి కదలని శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజులు ఆ నీళ్లు అలాగే ఉంటే గుడ్డు దోమై ఎగిరిపోతుంది, కుట్టేది పగటిపూట. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలవ నీళ్లు పారబోయాలని రాష్ట్ర పురపాలక శాఖ 2020 మే నుంచే ప్రచారం చేస్తూ వచ్చింది. కరోనా కోసం పెట్టిన డ్రమ్ము దోమలకు పురిటిగది అయింది. మా మిత్రుణ్ణి కుట్టిన దోమ అందులోదేనని నేను నిరూపించలేను. ఆ డ్రమ్మును తిరగేసి బోర్లించినప్పుడు వాచ్‌మన్ తాత ముఖం మాత్రం చిన్నబోయింది.

వార్డెన్ సార్ గురించి ఇక్కడ చెప్పాలి. జరిగింది చెప్పినప్పుడు ఆయన మమ్మల్ని కోప్పడ్డారు, న్యాయంగానే కోప్పడ్డారు. ఆ తరువాత యజమానితో వారం రోజులు వాదించి, ఎనిమిదో నిబంధన కొట్టేయించారు. నోటీసు బోర్డు మీద ఉన్న ప్రతిలో పెన్నుతో అడ్డంగా గీత గీసి, కింద ‘జ్వరం వస్తే నాకు చెప్పండి, ఎవరినీ పంపము’ అని తన చేతిరాతతో రాసి సంతకం పెట్టారు. డాబా మీద పాత సామాను పడేసిన గదిని ఖాళీ చేయించి, ఒక మంచం, బల్ల, కెటిల్ పెట్టించారు. దానికి విడిగా స్నానాల గది ఉంది, నాలుగు వైపులా గాలి ఉంది. ఆ భవనంలో అంత మంచి గది ఇంకొకటి లేదు.

అక్టోబరు రెండో వారంలో రెండో అంతస్తు కుర్రాడొకడు పొద్దున కాఫీ వాసన తెలియడం లేదని గ్రహించి, తనంతట తానే వార్డెన్ సార్ తలుపు తట్టి చెప్పాడు. నాలుగు వారాల ముందైతే అతను నోరు మెదిపేవాడు కాదు. పరీక్షలో పాజిటివ్ వచ్చింది; పది రోజులు డాబా గదిలో ఉన్నాడు. అతని గదిలోని మిగతా ఇద్దరికీ పరీక్షలు చేయించి, తరగతులకు వెళ్లకుండా గదిలోనే ఉంచారు. ఆక్సీమీటరు అంకెను పొద్దున, రాత్రి అతను తలుపు లోపలి నుంచి గట్టిగా చదివితే, వార్డెన్ సార్ బయట గోడకు అంటించిన కాగితంలో రాసేవారు: 97, 96, 97, 95. అది 93కి దిగితే రాత్రయినా పగలైనా అంబులెన్సు పిలవాలని ఆ కాగితం పైనే ఎర్ర సిరాతో రాసి ఉంది. వంట చేసే అక్క మూడు పూటలా పేరు కొట్టిన అతని కంచంలోనే వడ్డించి, మెట్ల మీద పెట్టి, దూరం జరిగి, ‘తమ్మీ, మంచిగ తిను, కంచం తల్పు కాడ పెట్టు, నేనే కొంటపోత’ అని కేకేసేది. ఆ కంచాన్ని మరుగుతున్న నీళ్లలో ముంచి తీసేది. అతని గదిలోవాళ్లిద్దరికీ నెగెటివ్ వచ్చింది, వేరెవరికీ అంటలేదు. ఆక్సీమీటరును పక్కన పెడితే, నేను కట్టిన 500 రూపాయల్లో ఒక్క రూపాయి కూడా ఖర్చు కాని ఏర్పాటు ఇదే, నిజంగా మమ్మల్ని కాపాడిన ఏర్పాటు కూడా ఇదే.

టీకాల సంగతి కూడా వార్డెన్ సారే చూసుకున్నారు. ప్రతివాడి మొదటి డోసు తేదీ, టీకా పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ వేసుకున్నవాళ్లకు నాలుగు వారాలకే రెండో డోసు, కోవిషీల్డ్ వాళ్లు 84 రోజులు ఆగాలి, అప్పటి నియమం అది. జులై 12న మొదటి డోసు వేసుకున్న నాకు అక్టోబరు 4న గడువు వచ్చింది. ఆ రోజు పొద్దున ఆయనే తలుపు కొట్టి లేపి పంపించారు.

కిటికీ మాత్రం చివరిదాకా మమ్మల్ని వేధించింది. కరోనా కోసం తెరవాలి, డెంగీ కోసం మూయాలి; రెండు జబ్బులూ ఒకే కిటికీ రెక్కను చెరొక వైపు లాగుతుంటే మధ్యలో మేము. దీనికి పరిష్కారం కొత్తదేమీ కాదు, దోమల జాలి. యజమానిని అడిగితే అది హాస్టల్ బాధ్యత కాదన్నారు. కోఠీలో అంటుకునే పట్టీతో వచ్చే జాలి ఒక కిటికీకి సరిపడేది 150 రూపాయలకు కొని మేమే బిగించుకున్నాం. ఇరవై కిటికీలకు కలిపితే 3,000 రూపాయలు. కోవిడ్ మెయింటెనెన్స్ కింద ఒక్క నెలలో వసూలు చేసిన దానిలో పదో వంతు. ఆవిరి యంత్రాలకు, వారం వారం నేల మీద చల్లిన ద్రావణానికి డబ్బు ఉంది గానీ జాలికి లేకపోయింది. జాలి ఫ్లెక్సీలో బొమ్మగా బాగుండదు మరి.

ఆ వీధుల్లో గది వెతుక్కునేవాళ్లు గేటు దగ్గర ఆగకుండా నేరుగా పైకి వెళ్లి, కిటికీ తెరుచుకుంటుందో లేదో చేత్తో నెట్టి చూడాలి. సంతకం పెట్టే కాగితంలో జ్వరం గురించి ఏమి రాశారో వెతకాలి. జ్వరం వచ్చినవాణ్ణి ఎక్కడ పడుకోబెడతారో ఆ గదిని చూపించమని అడగాలి. ఈ మూడూ చూసి ఉంటే నేను చేరేటప్పుడు ఈ హాస్టల్‌కు ఐదుకు ఒకటి ఇచ్చేవాణ్ణి. డిసెంబరు నాటికి, వార్డెన్ సార్, వంట అక్క పుణ్యమా అని, నాలుగు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాక ఒమిక్రాన్ వల్ల సెలవులను జనవరి 30 దాకా పొడిగించారు. 2022 ఫిబ్రవరి 1న కళాశాలలు తెరిచారు, ఆ ముందు రోజు సాయంత్రం నేను హాస్టల్‌కు తిరిగి వచ్చాను. ఫ్లెక్సీ వెలిసిపోయింది గానీ అక్కడే ఉంది. గన్ తాత మెడలోనే ఉంది, బ్యాటరీలు లేవు. రశీదులో 500 రూపాయలు అలాగే రాశారు. పెట్టె గదిలో పెట్టి డాబా మీదికి వెళ్లి చూస్తే, ఆ గది తలుపు ముందు రెండు జతల చెప్పులున్నాయి. నాలుగు వైపులా గాలి వస్తుందని చెప్పి, టూ షేరింగ్ కింద నెలకు 7,500 చొప్పున ఇద్దరికి అద్దెకిచ్చారట. ‘మళ్లీ ఎవరికైనా జ్వరం వస్తే ఎక్కడ ఉంచుతారు సార్?’ అని వార్డెన్ సార్‌ను అడిగాను. ఆయన నోటీసు బోర్డు వైపు చూశారు. ఎనిమిదో నిబంధన మీద ఆయన గీసిన గీత ఇంకా అలాగే ఉంది. నేను ఈ హాస్టల్‌కు ఐదుకు మూడు ఇస్తున్నాను. ఆ డాబా గది మళ్లీ ఖాళీ అయిన రోజున నాలుగు చేస్తాను.